తరుగు

ఆ ఏడు హర్మటాన్ దుమ్ము లేవకముందే
ఇకోట్ ఎక్పెనే సంతలో బల్ల వేసి
నన్ను కూర్చోబెట్టారు, కొత్త గుమాస్తాని,
చెవి మీద పెన్సిలు, గంజి పెట్టిన ఖాకీ నిక్కరు.
కంచు కడియాలు ఇక చెల్లవని చాటింపు.
నాలుగిస్తే ఒక షిల్లింగు.

తెచ్చారు.
తట్టల్లో, నూనె డబ్బాల్లో, పసిబిడ్డని వీపుకి కట్టుకునే గుడ్డల్లో.
కొన్నిటికి ఇంకా మన్నంటుకుని ఉంది, పాతిపెట్టినవి.
కొన్ని చేతులు వదిలేముందు ఒక్కసారి గలగలలాడించి వినేవి.
పూర్తిగా మూసుకోదు ఈ కడియం,
రెండు కొసలూ కాస్త ఎడంగా,
ఏదో చెప్పబోయి ఆగిన నోరులా.

మొదటిరోజు లెక్కపెట్టాను. రెండోరోజు నుంచి తూకం.
సాయంత్రాలు పారలతో లారీలోకి ఎత్తేవారు.
మా అక్కకి వచ్చిన ఓలీ,
మా తాత జరిమానాకి అప్పు తెచ్చి కట్టినవీ
ఆ గుట్టలోనే ఎక్కడో.

నాలుగోరోజు వరుసలో మా అమ్మ, ఇక్వో.
నన్ను ఎరగనట్టే నిలబడింది.
నాలుగు వందల ఒకటి.
"వేడుకలకి రెండు వందల దాకా ఉంచుకోవచ్చు," రూలు చదివాను.
"చెల్లని డబ్బు ఇంట్లో కూర్చుంటే
దానికి కూడెవడు పెడతాడు? రాసుకో."

ఐదు పౌన్లు, మూడు పెన్నీలు.
నోట్లు ఇవ్వబోతే వద్దంది,
మా ఇంటి చెదలకి చదువొచ్చు అంది.
షిల్లింగు తిప్పి చూసింది.
ఒక పక్క రాజు తల, ఇంకోపక్క మన నూనెచెట్టు.
"చెట్టుంది సరే, గెల నరికే మనిషేడీ?"
పెన్నీకి నడుమ చిల్లు.
అందులోంచి నన్ను చూసింది, ఒంటికన్నుతో, చాలాసేపు.
"నడిమి ముక్క ఎవరు తిన్నారు, గుమాస్తా?"
వెనకున్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.
నేనూ నవ్వాననుకుంటా.

ఆ నాలుగు వందల ఒకటోది
ఎర్రదారం చుట్టి ఉంది.
పళ్లొచ్చే రోజుల్లో నా మెడలో వేలాడింది,
నేను చీకి చీకి నున్నగా చేసింది.
ఆమె వెళ్లిపోయాక
అది నా నిక్కరు జేబులో, తొడకి చల్లగా.

ఎవరూ అడగలేదు.
లారీ కుప్పలో ఒకటి ఎవరికి కావాలి?
అయినా గుమాస్తాని కదా,
రాత్రి లాంతరు వత్తి పెంచి
పుస్తకంలో రాశాను:
తరుగు, ఒకటి.