నొప్పి లేనివాళ్ళలో ఒకరు తక్కువ

డండీలో వాన ఎదురుగా రాదు.
టే నది మీంచి పక్కవాటుగా వచ్చి కాలర్లో దూరుతుంది.

ఈ భవనం ఒకప్పుడు జనపనార మిల్లు.
ఇప్పుడు మూడో అంతస్తులో మా ప్రయోగశాల.
నెల్లిమర్ల మిల్లు గేటు పక్కన పెరిగినదాన్ని,
చేరిన రోజు, ఎవరూ లేకుండా చూసి
గోడకి ముక్కు ఆనించి వాసన చూశాను.
ఉత్త పెయింటు.

నా పని మెడలు.
స్పిరిట్ దూదితో తుడిచి
చెవి వెనక ఎముక నుంచి గొంతు గుంట దాకా
ఏటవాలుగా దిగే కండరం మీద రెండు బిళ్ళలు అంటిస్తాను.
భుజం మీద ఇంకో రెండు.
మెడ కింద గాలి సంచీ పెట్టి
"అవునన్నట్టు, మెల్లిగా తల ఆడించండి" అంటాను.

ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపిన ఐలీన్ మెకాండ్రూకి
అవుననడం ఎంత కష్టమో!
తెర మీద పైకండరం గీత
గొడవలో దూరిన పొరుగింటివాడిలా లేచి నిలబడింది.
లోపల వెన్నుపూసల్ని కరుచుకుని ఉండే సన్నవి,
అసలు మోయాల్సినవి, పలకలేదు.
వాటి మాట వినాలంటే ముక్కులోంచి తీగ పంపాలి.
చాలామంది వద్దంటారు.
"ఇన్నేళ్ళు ప్యాసింజర్ల మాటలు దిగమింగాను, ఇదెంత" అంది ఐలీన్.

చెయ్యి ఎత్తమంటే
నొప్పి లేని మెడ చేతికన్నా ముందే సిద్ధమవుతుంది.
ఐలీన్ మెడ,
బస్సు కదిలాక కడ్డీ కోసం తడుముకునే మనిషి.

మార్చిలో నొప్పి లేనివాళ్ళ జట్టులో ఒకరు తగ్గారు.
"నువ్వున్నావుగా" అన్నాడు రోరీ.
ఉన్నాను.
'మెడనొప్పి?' అన్న గడిలో
లేదు అని రాశాను. పెన్ను ఆగలేదు కూడా.

ఈసారి దూది చల్లదనం నాకు.
అయిదు నిమిషాలు టైపు చెయ్యమన్నాడు. చేశాను.
ఆపమన్నాడు. ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

గీత ఆగలేదు.

రోరీ వైరు కదిపి చూశాడు, బిళ్ళ మార్చాడు.
మళ్ళీ చేశాం.
భుజం ఇంకా ఏదో మోస్తూనే ఉంది,
దించేయొచ్చని దానికెవరూ కబురంపనట్టు.

మూడో షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న అమ్మ వేళ్ళు
నిద్రలో తెగిన దారాలు అతికేవి.
మేం చూసి నవ్వుకునేవాళ్ళం.

"నిజంగా నొప్పి లేదా?"
తల ఊపాను,
మనవైపు ఊపే ఊపు, అవునూ కాదూ కలిసిన అడ్డం ఊపు.
రోరీకి బోధపడలేదు.
వైర్లు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి,
యంత్రం అదీ రాసుకుంది.

నా పేరు ఏ జట్టులోనూ పడలేదు.

సాయంత్రం బస్సులో అద్దం మసక తుడుస్తుంటే కనబడ్డాయి:
రెండు భుజాలూ చెవుల దగ్గర.
దించాను.
రెండు స్టాపులు దాటాక చూస్తే
మళ్ళీ అక్కడే.