సంపూర్ణం కాదు

బెజవాడలో ఆ రోజు పట్టపగలే చుక్కలన్నీ పొడిచాయని
ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.
కృష్ణ సిరాలా నల్లబడిందంటారు,
పక్కవాడి మొహం ఆనలేదంటారు.
లేదు.
నేను అక్కడే ఉన్నాను, ఆటోనగర్‌లో, మీరావలి షెడ్డు ముందు,
పదకొండేళ్లవాణ్ణి, కాళ్లకి చెప్పుల్లేవు.

సరిగ్గా చెప్పాలి కదా, చెబుతాను.
పందొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి పదహారు,
శనివారం, మాఘ అమావాస్య.
మధ్యాహ్నం రెండున్నర వేళకి
కింద, కుడి పక్కన,
ఎలుక రొట్టె కొరికినంత పోయింది.

షట్టర్లన్నీ దించేశారు. బందరు రోడ్డు మీద
ఖాళీ బస్సొకటి, దాని వెనక ఒక కుక్క.
మీరావలి ముసుక్కి రెండద్దాలు జోడించి నా తలకి తగిలించాడు.
లోపలంతా చెమట, కాలిన ఇనుము వాసన.
"రోజూ చూసే నిప్పే గదరా, ఇది కాస్త పెద్దది."
పచ్చటి చీకట్లో పచ్చటి సూర్యుడు,
చూస్తుండగా సన్నబడుతూ.

సాయంత్రమైతే ఎండ ఎర్రబడుతుంది.
ఇది ఎర్రబడలేదు.
ఎండలోంచి వేడి ఒక్కటీ తోడేసి
మిగతాది అలాగే వదిలేసినట్టుంది.
షెడ్డు మీది రేకులు చల్లారుతూ టిక్కు టిక్కుమన్నాయి.
నా ముంజేతి మీది వెంట్రుకల నీడలు
నేలమీద ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత విడివిడిగా పడ్డాయి.

రిపేరుకొచ్చిన లారీ టార్పాలిన్‌కి చిల్లులు.
ఎన్ని చిల్లులో తొట్టిలో అన్ని నెలవంకలు,
అన్నీ ఒకే పక్కకి తిరిగి.
క్లీనరు కోటేశు చీపురుతో ఊడ్చి చూశాడు.
అవి చీపురు మీదికెక్కాయి.

నాలుక్కి పదో పన్నెండో నిమిషాలుందనగా
ఎడమ అంచున, తీసి పారేసిన గోటిముక్కంత మిగిలింది.
ఇంకా తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.
ఆ గోటిముక్కతోనే ఊరంతా పగలు!
ఎదురు షెడ్డు బోర్డు మీద అక్షరాలు చదివాను.
చుక్క ఒక్కటే, నడినెత్తికి కాస్త ఇవతల. శుక్రుడు.
కాకులు మాత్రం మోసపోయాయి.

సంపూర్ణం పట్టింది నల్గొండ వైపు.
అటు సరుకు దించడానికెళ్లిన ఏసుపాదం
రాత్రి లారీ దిగి,
"నల్లటి చిల్లు. చుట్టూ తెల్ల జుట్టు" అన్నాడు.
ఇంకేదో చెప్పబోయి బీడీ తీశాడు.
మూడో పుల్లకి గానీ వెలగలేదు.

ఇదీ సంగతి. నలభై ఏళ్లుగా అందరినీ సరిదిద్దుతున్నాను,
పెళ్లిళ్లలో, టీ బడ్డీల దగ్గర, ఒకసారి ఆసుపత్రి వరండాలో.

మొన్న మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో భ్రమరాంబ పిన్ని
ఆకులో జిలేబీ తుంచుతూ అంది:
"సంపూర్ణమే. నాకు తెలీదూ? చేతికి చెయ్యి కనపళ్లేదు."
నేను నోరు తెరిచాను.
నల్గొండ, కిలోమీటర్లు, చంద్రుడి నీడ వెడల్పు
నాలిక చివరి దాకా వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పటమటలో ఇల్లు.
పిన్నికి ఏడో నెల.
కిటికీకి గొంగళి, గుమ్మానికి చాప,
కదలొద్దు, గోక్కోవద్దు, మంచినీళ్లు అడగొద్దు.
వెంటిలేటర్‌కి పాత పంచాంగం కాగితాలు,
మైదా జిగురు పెట్టి, స్టూలెక్కి
అంటించింది నేనే.
నాయనమ్మ మెచ్చుకుని చేతిలో పదిపైసలు పెట్టింది.
ఆ తర్వాతే ఆటోనగర్‌కి పరిగెత్తాను.

కాబట్టి సరిగ్గా చెప్పాలంటే,
బెజవాడలోనూ సంపూర్ణం పట్టింది,
పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున,
రెండున్నర నుంచి ఐదింటి దాకా.

"అవును పిన్నీ," అన్నాను.
ఆవిడ జిలేబీ పక్కన పెట్టి, "బయటెలా ఉందిరా?" అంది.

చెప్పాను, ముసుగు, రేకులు, చీపురు మీద నెలవంకలు.
ఒకటి మాత్రం చెప్పలేదు.
ఆ కాగితంలో సూది మొనంత చిల్లు వదిలుంటే
ఆవిడ గోడమీద కూడా ఒకటి పడుండేది.