గుజ్జు

దేవరకొండ రోడ్డు మీద వేబ్రిడ్జి పక్కన
రేకుల షెడ్డుల
పదకొండు రోజులు పట్టింది ఇంజన్ కట్టడానికి.
బేరింగులు కొత్తవి, రింగులు కొత్తవి,
గాస్కెట్లు కొత్తవి,
అప్పు కూడ కొత్తదే.

పన్నెండోనాడు పొద్దుగాల
అచ్యుతం సారు అంబాసిడర్
ఒక్క సెల్ఫ్‌కే అందుకున్నది.
భూములు కొలిచి రిటైరైన మనిషి,
చిన్నపిల్లగాని లెక్క చప్పట్లు కొట్టిండు.
నేను బానెట్ కింద వంగి చూస్తున్న.
క్రాంక్ ముక్కు మీద డ్యాంపర్ పుల్లీ
బక్కచేతి మీది గాజు లెక్క
ఊగుతున్నది.
బెల్టు దాని వెంబడి
ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి.

బంద్ చేసిన.
"గరమైతాంది సార్, జర ఆగాలె"
అని అబద్ధమాడిన.

ఎందుకంటె
తొమ్మిదోనాడు రాత్రి, కరెంటు వచ్చుడు పోవుడు నడుమ,
పొడుగు బోల్టు పెట్టి తిప్పుకుంట ఎక్కియ్యాల్సిన దాన్ని
కట్టెముక్క అడ్డం పెట్టి
సుత్తెతోని కొట్టిన.
మూడు దెబ్బలు కట్టె మీద.
నాలుగోది జారి
ఇనుము మీదనే పడ్డది.
ఆ చప్పుడు ఇప్పటికీ నా పండ్లల్ల ఉన్నది.

క్రాంక్ వంగిందంటె
మల్ల ఇంజన్ దింపాలె.
పొద్దుమీకే లోపట
రోడ్డు మీది షెడ్లన్నిటికీ తెలుస్తది.

మధ్యాహ్నం జానయ్యను తోలుకొచ్చిన.
మర్రిగూడ దిక్కు మనిషి.
చిన్ననాటి బోరు నీళ్లు
ఆయన మెడను వీపుకు వెల్డింగ్ చేసినయి.
పక్కకు చూడాలంటె
మనిషి మొత్తం తిరగాలె.
షెడ్డు మూసి ఆరేండ్లు. అయినా
చేతుల నిండ గ్రీజు వాసన.

స్టార్ట్ చెయ్ అనలే.
చాక్‌పీస్ అడిగిండు.
వెనుక సందుల బడిపిల్లను బతిమాలి తెచ్చిన.
పుల్లీ నడిమి బొడ్డు మీంచి
రబ్బరు దాటి
బయటి చక్రం అంచు దాక
ఒకటే గీత గీసిండు,
సారు హద్దు గీసినా గంత తిన్నగ రాదు.

"ఇప్పుడు తిప్పు. రేసియ్యి. ఆపు."
ఆగినంక చూస్తె
గీత రెండు ముక్కలు.
బొడ్డు మీదిది బొడ్డు మీదనే,
చక్రం మీదిది నాలుగేళ్ల ఎడంల,
ఒక్కింట్ల మాట్లాడుకోని అన్నదమ్ముల లెక్క.

ఆయన నవ్వలే.
పాత లుంగీ పీలికల చుట్టిన డయల్ గేజి
సంచిలకెల్లి తీసిండు.
ప్లగ్గులు తీయించి
చేత్తోని ఇంజన్ తిప్పుమన్నడు.
బొడ్డుకు ఆనిస్తె
ముల్లు వెంట్రుక మందం కదల్లే.
చక్రానికి ఆనిస్తె
పిచ్చిలేసినట్టు అటు ఇటు కొట్టుకున్నది.

"బొక్క మంచిగనే ఉన్నదిరా.
నడిమి గుజ్జు పోయింది.
సిలిండర్ పేలినప్పుడల్ల
క్రాంక్ జరంత మెలివడ్తది, మల్ల ఇప్పుకుంటది.
ఆ మెలికను మింగేది
గీ ఏలెడు రబ్బరే.
ముప్పై ఏండ్లు ఆయిల్ తాగి పట్టు ఇడిసింది.
ఇది మింగకుంటె
ఒకనాడు బొక్కే ఇరుగుతది.
అన్నీ కొత్తవేసి దీన్ని కడిగి పెట్టినవా?"
"రంగు కూడ ఏసిన"
అన్న, ఎందుకో.

"వంగినా, పట్టు ఇడిసినా
చూసెటోనికి ఒక్కటే ఊగుడు.
నాకు గూడ దవాఖానల
మూడేండ్లు వాతమనే మందులిచ్చిండ్రు"
అనుకుంట మోకాలు మీద చెయ్యేసి లేవబోయిండు.
నేను చెయ్యిచ్చిన. పట్టుకోలే.

పుల్లీ ఊడదీసి
ఎండలకు తెచ్చి తిప్పి చూసిండు.
అంచు మీద
నల్లరంగు పెచ్చు లేచిన కాడ
నాలుగో దెబ్బ.

దాని మీద బొటనవేలు పెట్టి
కొంచెం సేపు ఉంచిండు.

నా దిక్కు చూడాలంటె
మనిషి మొత్తం తిరగాలె గద.
తిరగలే.