రాళ్ళు పైకొచ్చే నెల

మార్చి చివర. మంచు ఇంకా పూర్తిగా పోలేదు.
కొట్టం నీడ పడే చోట
మాసిన దుప్పటిలా ముడుచుకుని పడుంది.
మిగతాదంతా బురద.
బూటు దిగబడితే కాలొక్కటే తిరిగొస్తుంది.

తీతువు అరిచింది పొద్దున.
కొన్ని దేశాల్లో అది అపశకునమట.
ఇక్కడ, ఎస్తోనియా దక్షిణపు కొసన,
ఆ కూత వినకుండా ఎవరూ గొర్రు బయటికి తీయరు.

ప్రతి ఏడూ ఇంతే.
నిరుడు చేనంతా ఏరి గట్టున పోశాను.
చలికాలమంతా నేల లోలోపల గడ్డకట్టి, ఉబ్బి,
ఎక్కడెక్కడి రాళ్ళనో మళ్ళీ పైకి నెట్టింది.
మా పొలంలో మొదటి పంట రాళ్ళే.
విత్తనం అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు,
దిగుబడి మాత్రం ఏనాడూ తప్పలేదు.

వంటింటి కిటికీలో
కోడిగుడ్ల అట్టల మీద బంగాళదుంపలు.
మా తానెల్ ఒక్కోదాన్నీ తిప్పి చూసి
ఇది పడుకుందమ్మా, ఇది లేచింది, అని లెక్క చెబుతాడు.
ఉల్లినారు పెరుగు డబ్బాల్లో.
టమాటా నారు నా మంచం పక్కన, పొయ్యిగోడకు ఆనుకుని.
ఇంట్లో నాకన్నా దానికే వెచ్చగా ఉంది.

మంచు బరువుకు చిరిగింది పాలిథిన్ గూడారం.
చలికి టేపు అంటుకోదు.
హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి అంటించాను.
నవ్వితే నవ్వండి.
నా జుట్టుకి అది పనికొచ్చి ఎన్నేళ్ళయిందో.

పెంటకుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూశాను.
నిప్పు లేకుండా ఉడుకుతోంది.
బయటికి తీస్తే అరచేతిలో ఒక వానపాము,
నిద్రమత్తులో, ఎటు పోవాలో తెలీక.
నీకూ నాకూ ఒకటే, అన్నాను దానితో.

మేలో టాలిన్ నుంచి తనిఖీకి వస్తారు.
మందు ముట్టని నేల అని కాగితం ఇవ్వాలి.
నేను ముట్టలేదు.
కానీ గట్టుకు అవతల ఎందెల్ చేను,
ఆయన కొడతాడు.
గాలికి సర్వే నంబర్లు చదవడం రాదు.

వారం రోజులు మాటలు కూడబలుక్కుని వెళ్ళాను.
పిచికారీ గొట్టం విప్పుకుని కూర్చున్నాడు.
పడమటి గాలి ఉన్నప్పుడు కాస్త ఆగగలరా, అన్నాను.
జవాబు లేదు.
మా వైపు మనుషులు మాటని
విత్తనాల మూటలా అటక మీద దాస్తారు.
చాలాసేపు నా బూట్లకేసి చూసి,
రాళ్ళు ఏరావా, అన్నాడు.
ఇంకా లేదు.
అంతే.
దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను,
ఆయన ట్రాక్టర్‌ని కూడా కలిపి.

తెల్లారి అదే ట్రాక్టర్ మా వాకిట్లో.
వెనక రాళ్ళు మోసే చెక్కబండి.

పొద్దుగూకేదాకా ఏరాం.
ఇద్దరం కలిసి పదకొండు మాటలాడి ఉంటాం,
అందులో ఆరు, దూడంత రాయిని దొర్లించేటప్పుడు
గునపం జారి, ఆయన అన్న బూతులు.

ఏరినవన్నీ గట్టున పొయ్యలేదు.
తన చేలో పన్నెండు అడుగులు లోపలికి నడిచాడు,
అక్కడ వరుసగా పేర్చాడు.
ఇక్కడిదాకా కొట్టను, అన్నాడు.
ఈ మధ్యలో క్లోవర్ చల్లుకో. తేనెటీగలకి.
నేను చెయ్యి చాపితే
తన చేతి బురద చూపించి వెనక్కి లాక్కున్నాడు,
నా చేయేదో శుభ్రంగా ఉన్నట్టు.

రాత్రి చెంచా పట్టుకుంటే వేళ్ళు ముడవలేదు.
కిటికీ మీద చప్పుడు. మంచు కాదు, వాన.
పద్నాలుగు లేచాయి, అన్నాడు తానెల్.
రేపు బఠానీలు నానబెట్టాలి, గుర్తుచెయ్యరా అన్నాను.
నువ్వు మరిచిపోతే నేనే పెడతాను, అన్నాడు,
తన పాలగ్లాసు ఖాళీ చేసి
సిద్ధంగా బల్ల అంచున బోర్లిస్తూ.