మూడే కాళ్ళు

వాల్పరాయిసోలో, కొండెక్కే పెట్టెబండి కిందికి దిగి ఆగేచోట
ఎవరిదీ కాని కుక్క ఒకటుంది.
చేపలమ్మే ఓర్తెన్సియా దాన్ని అడ్మిరల్ అంటుంది.
బడిపిల్లలు ముక్కాలిపీట అంటారు.
టికెట్లు చింపే ముసలాయన ఏ పేరూ పెట్టలేదు,
నాలుకతో అంగిలి మీద టక్కుమనిపిస్తాడు, అంతే.
మూడింటికీ పలుకుతుంది.

కుడి వెనక కాలు లేదు. ఎప్పుడు పోయిందంటే
ఒక్కొక్కరు ఒక్కో ఏడాది చెప్తారు.
ఒక చలికాలం మధ్యాహ్నం పనేం లేక
రొట్టె చుట్టిన కాగితం వెనక దాన్ని గీశాను.
పదకొండు గీతలు. లెక్కపెట్టుకున్నాను.
అందరూ బొమ్మలు పెట్టి అందరూ దిద్దుకునే ఆ వెబ్‌సైట్లో పెట్టాను.
"ఎవరైనా వాడుకోవచ్చు" అన్న గడిలో టిక్కు నాదే.
నా చెయ్యి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు.

గ్దీనియా నుంచి నికోదెమ్ దాని వెనక సముద్రం పోశాడు.
మా సముద్రం కాదు, బూడిదరంగుది, అలలు తక్కువ.
బాగానే ఉంది.
నకూరులో వైరీము తన దగ్గునే సాగదీసి
దానికి మొరుగు చేసింది.
పేరు బదులు అంకెలున్న మనిషెవరో చెవులు కదిలించాడు.
ఆ వారమంతా నాకు నిద్ర లేదు.
ఆనందంతోనే. అబద్ధమెందుకు?

తర్వాత లియేజ్ నుంచి ఓదిల్ నాలుగో కాలు గీసింది.

"గీయడం మర్చిపోయావనుకున్నా" అని రాసింది, పాపం.
అందమైన కాలు. కండ, గోళ్ళు,
కింద చిన్న నీడ కూడా.
నా పదకొండు గీతల్నీ కలిపినా అంత కాలు రాదు.
ఆ కాలుతో అది పరుగెత్తింది.
ఆ పరుగుని ఒక బూట్ల కంపెనీ కొనుక్కుంది:
నాలుగు కాళ్ళకి నాలుగు ఎర్ర బూట్లు.

డబ్బొచ్చింది. వెనకే పంపకాల పట్టిక.
కాలుకి ముప్పై ఒకటి శాతం,
సముద్రానికి ఇరవై రెండు, దగ్గుకి పంతొమ్మిది,
చెవులకి తొమ్మిది, సైటు నడిపేవాళ్ళకి పన్నెండు.
"మొదటి ఊహ" అని ఒక వరస, దానికి ఏడు.
ఊహట!
దాని బొచ్చులో ఈగలు నాకింకా గుర్తు.

నా ఏడులో సగం కుక్క పేర రాద్దామని చూశాను.
హక్కుదారు పేరు అని ఒక్కటే గడి.
అడ్మిరల్ అని రాస్తే పిల్లలు ఊరుకోరు.
ముక్కాలిపీట అంటే ఓర్తెన్సియా మొహం చూడలేను.
ఇక నాలుక టక్కుమన్న చప్పుడుకి
ఏ కీబోర్డులోనూ మీట లేదు.

అప్పుడు పంతం పట్టింది నాకు.
నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు,
తేడా ఏమిటంటే నాదానికి నిజంగా మూడే,
రొట్టె కాగితం వెతికి తీసి మళ్ళీ ఫోటో పెట్టాను.
రెండు నిమిషాల్లో జవాబు:
"ఇది ఇప్పటికే ఉన్న ఒక కృతికి మార్పు.
మూలం: నాలుగు కాళ్ళ కుక్క.
మీరు చేసిన పని: ఒక కాలు తొలగించుట."

నవ్వొచ్చింది, చాలాసేపు.
ఆ తర్వాత ఓదిల్‌కి ఉత్తరం మొదలుపెట్టి
మూడో వాక్యం దగ్గర ఆపేశాను.
ఆమె మాత్రం ఏం తీసుకుంది నా దగ్గర?
లేని కాలు. నా దగ్గరా లేనిది.

బ్యాంకు కోత పోగా పద్నాలుగు వేల పెసోలు.
ఓర్తెన్సియా ముందు పెట్టి, దానికి రోజూ వేసే
చేప తలకాయలకని చెప్పాను.
"తలకాయలు నేనెప్పుడైనా అమ్మానా?" అని
తడిచేత్తో నోట్లు వెనక్కి నెట్టింది.
ఇప్పుడవి చేప వాసన.

పెట్టెబండి దిగింది. జనం దిగారు.
కుక్క గోడవారన కూర్చుని
కుడి చెవి గోక్కోబోయింది.
తుంటి దగ్గర మొండెం గబగబా ఆడింది గాలిలో,
చెవి మాత్రం అలాగే ఉంది.
ముసలాయన టికెట్లు జేబులో కుక్కుకుని
వంగి, అటువైపు చూడకుండానే
ఆ చెవి గోకాడు.
మొండెం ఇంకా ఆడుతూనే ఉంది.