విడిగానా, కలిపా?

జగదాంబలో చీరల కొట్టు మాది.
మాదంటే మాది కాదు, అందులో నిలబడేది మేము.
స్టాకు లెక్కలు తేలిన సాయంత్రం
షావుకారు తొమ్మిది మందినీ
బీచ్ రోడ్డు హోటలుకి తీసుకెళ్లాడు.
నేను చేరాక ఇదే మొదలు.

కూర్చునే ముందు కుర్చీలకేసి చూశాం.
పొద్దస్తమానం నిలబడే కాళ్లకి
అంత మెత్తటి కుర్చీ ఇస్తే
మోకాళ్లెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అద్దం అవతల సముద్రం,
టీవీలో సౌండు తీసేసినట్టు.
లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెడుతూ
నేను మెతుకు మెతుకూ తిన్నాను.

కుండ బిర్యానీ వచ్చింది, వంజరం వేపుడొచ్చింది,
పేర్లు తెలీని ఎర్రటివేవో వచ్చాయి.
"తినండమ్మా, తినండి" అన్నాడు షావుకారు.
ఆ మాటతో అందరి చేతులూ చిన్నవైపోయాయి.
ఇంట్లో మూడుసార్లు మారు వడ్డించుకునే నూకరత్నం
చెంచాతో అన్నాన్ని అటు జరిపింది, ఇటు జరిపింది,
కొనని బేరానికి చీర విప్పి
మళ్లీ మడత పెట్టినట్టు.
"చాలండి" అంది.
చాలండి, చాలండి అని
బల్లంతా చుట్టొచ్చింది ఆ మాట.
కుండలో సగానికి పైనే ఉంది.

మా అమ్మ చేపలరేవులో బుట్ట మోసేది.
అమ్ముడవని కానాగంతలు ఇంటికి తెచ్చిన రోజు
"మిగిలాయి" అనేది కాదు,
"మనకొచ్చాయి" అనేది.
పులుసు రాత్రికో రుచి,
మర్నాడు చద్దన్నంలో అసలు రుచి.
అది గుర్తొచ్చే అన్నానో, నోరు జారే అన్నానో,
కుర్రాడు కుండ ఎత్తబోతుంటే
"బాబూ, అది కట్టియ్యవా" అనేశాను.

బల్ల కింద నూకరత్నం నా తొడ గిల్లింది.
షావుకారు ఫోను చూసుకున్నాడు.
కౌంటర్లో కూర్చునే లలితాంబ
సోంపు గింజలు ఏరుకుంది, ఒక్కొక్కటే.
కుర్రాడిది చోడవరం వైపు యాస.
"విడిగానా, కలిపా అమ్మా?" అన్నాడు.
అంతే, ఇంకేమీ అడగలేదు.
"విడిగా" అన్నాను,
బిల్లు రాయించేటప్పటి గొంతు తెచ్చుకుని.
మూడు డబ్బాలు కట్టాడు.
అడక్కుండానే రెండు నిమ్మచెక్కలు, గుప్పెడు ఉల్లిపాయ.
మూతలు టక్కుమనేదాకా వేళ్లతో నొక్కాడు.

షావుకారు కారు మలుపు తిరిగింది.
ఒకే ఆటోలో ఇరుక్కుని
కాంప్లెక్సు చేరినవాళ్లం అయిదుగురం.
బస్సు ఎంతకీ రాదు.
సంచీలోంచి వాసన మాత్రం వచ్చేసింది.

"ఒలే, అది చల్లారిపోద్దే"
అంది నూకరత్నం, ఎటో చూస్తూ.
నేను మాట్లాడలేదు.
"చల్లారితే నూనె పేరుకుంటాది మరి"
అంది, ఈసారి సంచీకేసి చూస్తూ.

స్టాపులో సిమెంటు బల్ల మీద మూతలు తీశాం.
చెంచాల్లేవు. సీసా నీళ్లతో చేతులు కడుక్కున్నాం.
విడిగా కట్టినవన్నీ కలిపేశాం.
నిలబడే తిన్నాం,
నిలబడ్డం మాకు బాగా వచ్చిన పని.
లలితాంబ కళ్లు మూసుకుని
వంజరం ముల్లు చీకింది.
"ఉప్పు తగ్గిందే" అంది నూకరత్నం.
నిజమే, తగ్గింది.
అంతసేపు హోటల్లో కూర్చుని
ఒక్కరం కూడా ఉప్పు సంగతి చూసుకోలేదు.

మల్కాపురం బస్సొచ్చింది, నాదే.
పోనిచ్చాను.

ఇల్లు చేరేసరికి పదిన్నర.
మా గుంటడు తలుపు తీసి
ముందు సంచీ అందుకున్నాడు.
రెండు డబ్బాలు ఖాళీ.
మూడో దాంట్లో అడుగంటిన మసాలా,
పిండని నిమ్మచెక్క ఒకటి,
పగలకుండా ఒక గుడ్డు.
అంత చీకట్లో, అన్ని చేతుల మధ్య
దాన్నెవరు పక్కన పెట్టారో తెలీదు.

"ఇంతేనా?" అన్నాడు వాడు.
"బస్సు లేటురా" అన్నాను.