క్వార్టర్ అలాట్‌మెంట్

చాందా మాంకాళి జాత్రల
రింగులేసి గెల్చుకున్నది మా పల్లవి
పాలప్యాకెట్టంత సంచిల రెండు బంగారు చేపలు.
బల్లార్షా దాకా బస్సుల ఒళ్లె పెట్టుకొని
ఊదుకుంటనే వచ్చింది సంచి మీద,
వేడన్నం మీద ఊదినట్టు.

ఓదెమ్మ స్టీలు గిన్నె కడిగి పెట్టింది.
"రెండొద్దుల ముచ్చట" అన్నది, పిల్ల ఇనకుంట.

నాకీ క్వార్టర్ రానికి పదకొండేండ్లు పట్టింది.
కేటగిరీ, సీనియారిటీ, యూనియనాయన సంతకం.
వీటికేమో తెల్లారేసరికి ఇల్లు చూడాలె.

బస్టాండు కాడి దుకాణపాయన గాజు గోళం దించిండు.
"మస్త దిసతే భావూ, టీవీ మీద పెట్టు."
లోపల వేలు పెట్టి తిప్పి చూసిన.
మూల లేని ఇంట్ల అలిగినోళ్లు ఏడ కూసుంటరు?
ఎంత ఈదినా గోడ ఎదురు రాదు,
పక్కపొంటి జరుగుతనే ఉంటది.
మీదికెల్లి నోరేమో సన్నం.
మా గనికే రెండు నోర్లుంటయి సేటూ,
గాలి వోనికొకటి, రానికొకటి.

కూలర్ తొట్టి? అది జింకు రేకు, నీళ్లు చేదెక్కుతయి.
మిద్దె మీది హౌదు?
నలభై ఏడు డిగ్రీల ఎండకు
పొద్దుగూకినా వేలు పెట్టనియ్యదు,
పైన బొగ్గు దుమ్ము మీగడ కట్టి ఉంటది.

ఆ రాత్రి గిన్నెలనే ఉన్నయి.
పైకొచ్చి నోరు తెరుస్తున్నయి, మూస్తున్నయి.
"మాట్లాడుతున్నయే" అన్నది పల్లవి.
"ఆకలైతాందేమో" అన్నది వాళ్లమ్మ.
నేను ఊకున్న.
ఫ్యాను ఆగిన నాడు, తొమ్మిదో లెవెల్ల,
దేవాజీ మడావి నోరు అట్లనే తెరుసుకునుడు చూసిన.
అది మాట కాదు. ఆకలీ కాదు.

తెల్లారి చేపల బజార్ల మారోతి ఢీవర్ ఇచ్చిండు,
పైసలు తీసుకోలే, ఒక థర్మాకోల్ డబ్బ.
మీద నీలి సిరాతోని "భీమవరం".
ఐసు కింద పండుకొని రైలుల వచ్చేటియి
ఈ డబ్బలల్లనే వస్తయి.
మూడు ఫీట్ల పొడుగు, రెండేళ్ల మందం గోడ.
ఐసును కరగనియ్యని గోడ
నీళ్లను ఉడకనియ్యది గదా.

"సచ్చినయి ఉన్న డబ్బ" ఓదెమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టింది.
"మనకీ క్వార్టర్ ఎట్ల ఖాళీ అయిందో అడిగినవా?" అన్న.
మళ్ల మాట్లాడలే.
ఉప్పేసి తనే రుద్దింది.

మూడొద్దులు ఎండల బోర్లిచ్చినం.
అందాక బకెట్ల కాపురం, పూటకో సారి నీళ్లు.
నల్లా నీళ్లు పట్టి ఒక దినమంతా నిలవెట్టిన
మందు వాసన పోయేదాక.
చేపల్ని సంచిల పోసి ఆ నీళ్ల మీద తేలిచ్చిన,
అర్ధగంట, తొందర లేకుండ.
గనిల దిగంగ కండ్లకు చీకటి అలవాటయ్యేదాక
మెట్టు మీద ఆగుతం సూడు, అట్ల.

పల్లవి మూతి ముడిసింది.
అద్దం లేదు, పక్కకెల్లి కనవడయి.
మీదికెల్లి వంగితేనే రెండు ఈపులు,
అప్పుడప్పుడే రాజుకుంటున్న బొగ్గు పెళ్లలు.
"దోస్తులకు ఎట్ల చూపెట్టాలె?"

ఏం చెప్పాలె?
షిఫ్టు దిగి ఎక్కొస్తుంటే
పైన పిడికెడు వెలుగు కనవడ్తది,
అండ్ల ఎవరిదో తలకాయ.
ఎవరిదైతేంది, ఆ తలకాయ ఎంత పానమనిపిస్తదో.
వంగు బిడ్డా.
వాటి ఆకాశంల ఉండే తలకాయవు నువ్వే.

పాత కూలర్ పంపు సాపు చేసి బిగిచ్చిన.
ఇరవై రెండేండ్లాయె గనిల నీళ్లు తోడి బయట పోయవట్టి.
ఇంట్ల, నీళ్లు తోడి నీళ్లలనే పోస్తున్న.
పడ్డకాడ బుడగలు.
చేపలు అడుగుకు పోయినయి, నోర్లు మూసుకొని.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
చప్పుడు ఆగంగనే మెలకువ.
పంపు ఖలాసీ చెవి అది,
పింఛను వచ్చినా పండుకోదు.
చెంబు తీసుకొని
ముంచుడు, ఎత్తుడు, పోసుడు.
ముంచుడు, ఎత్తుడు.
ఎంతసేపు చేసిన్నో,
చీకట్ల గాజుల చప్పుడైంది.
"జరుగు, పొద్దుగాల్ల నీకు ఫస్ట్ షిఫ్టు"
అన్నది ఓదెమ్మ,
చేతుల చెంబు గుంజుకుంట.